కొత్త డిజిటల్ మోడ్‌ను గాలిలోకి వదిలే ముందు

అమెచ్యూర్ రేడియోలో అక్షరాలను స్వరాలుగా మార్చి పంపడానికి నేను ఒక పద్ధతి, అంటే మోడ్, రాసుకున్నాను. దాని పేరు నత్త. నాలుగు స్వరాలు, సెకనుకు పది మార్పులు, దోష సవరణకు పోయేది పోగా నిమిషానికి వంద అక్షరాలు. పీఎస్‌కే31 అనే మరో డిజిటల్ మోడ్ వేగంలో ఇది మూడో వంతు ఉంటుందేమో, అందుకే ఆ పేరు. ప్రోగ్రామ్ రాయడానికి రెండు వారాలు పట్టింది. దాన్ని నిబంధనలకు లోబడి ప్రసారం చేయవచ్చో లేదో తేల్చుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. అందులో మూడు నెలలు తప్పుడు ప్రశ్న అడుగుతూ గడిపాను.

"ఈ మోడ్‌కు అనుమతి ఉందా?" అన్నదే ఆ తప్పుడు ప్రశ్న. నేను చదివిన ఏ నిబంధనల పుస్తకంలోనూ ఎఫ్‌టి8 అనే డిజిటల్ మోడ్ పేరు కనబడలేదు. అయినా 2017లో అది వచ్చిన కొద్ది నెలల్లోనే ప్రపంచంలోని హ్యామ్‌లలో, అంటే అమెచ్యూర్ రేడియో వాడేవారిలో, సగం మంది దాని మీదే కూర్చున్నారా అన్నట్టు తయారైంది పరిస్థితి. వాళ్లందరూ చట్టాన్ని ఉల్లంఘించినట్టేనా? కాదు. నిబంధనలు రాసేవారికి మోడ్ పేర్లతో పని లేదు. మీ సంకేతం ఎంత వెడల్పు ఉంది, ఎలా తయారైంది, లోపల ఏం మోస్తోంది, ఏ ఫ్రీక్వెన్సీలో ఉంది, విన్నవారు చదువుకోగలరా, పంపింది ఎవరో తెలుస్తోందా? వారు అడిగేది ఇంతే. వీటికి జవాబులు మీ దగ్గర ఉంటే పేరు ఏదైనా ఒకటే.

ఒక మాట ముందే చెబుతాను. ఉదాహరణలు ఎక్కువగా అమెరికా నిబంధనల నుంచి తీసుకున్నాను. డిజిటల్ ప్రసారాల గురించి విడమరచి రాసినవి అవి, ఎవరైనా చదువుకోవచ్చు. మీకు వర్తించేది మాత్రం మీ లైసెన్సు ఇచ్చిన దేశం రాసుకున్నదే. వేరే దేశంలో ఉండి ప్రసారం చేస్తుంటే ఆ దేశం రాసుకున్నది. ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్ ద్వారా పరాయి దేశంలోని స్టేషన్ నడిపినా, చూడవలసింది ట్రాన్స్‌మిటర్ ఎక్కడ ఉందన్నదే.

పేరు పక్కన పెట్టి గుర్తు రాయండి

అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ప్రతి ప్రసారానికీ ఒక గుర్తు రాసే పద్ధతి పెట్టింది. మామూలు సింగిల్ సైడ్‌బ్యాండ్ మాటను 2కె80జె3ఇ అని రాస్తారు. మొదటి నాలుగూ వెడల్పు. అక్షరాన్ని దశాంశ బిందువు ఉండవలసిన చోట పెడతారు కాబట్టి 2కె80 అంటే 2.80 కిలోహెర్ట్జ్, 60హెచ్0 అంటే 60 హెర్ట్జ్. ఆ తర్వాతి మూడే అసలు విషయం. జె అంటే క్యారియర్‌ను, అంటే సమాచారాన్ని మోసే మూల తరంగాన్ని, అణచివేసి ఒక పక్క సంకేతాన్నే పంపే ఒకే సైడ్‌బ్యాండ్. 3 అంటే అనలాగ్ సమాచారం. ఇ అంటే మాట. మొదటి అక్షరం ఎఫ్ అయితే ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్. అంకె 1 అయితే సబ్‌క్యారియర్ లేని డిజిటల్, 2 అయితే సబ్‌క్యారియర్ మీద డిజిటల్. చివరి అక్షరం బి అయితే యంత్రం చదివే టెలిగ్రాఫీ, డి అయితే డేటా.

చాలామంది తడబడేది ఆ చివరి అక్షరం దగ్గరే. అమెరికా నిబంధనల్లో చివర ఇ ఉంటే అది ఫోన్, అంటే మాట కిందికి వస్తుంది. మధ్యలో అంకె 1 ఉన్నా 2 ఉన్నా 3 ఉన్నా లెక్కలో తేడా లేదు. అంటే ఫ్రీడీవీ లాంటి డిజిటల్ మాట, లోపలంతా సున్నాలూ ఒకట్లే అయినా, మాటలకు కేటాయించిన భాగంలోనే ఉండాలి. అదే మోడెమ్‌తో, అదే వెడల్పులో మాటకు బదులు ఒక ఫైలు పంపారనుకోండి, అక్షరం డి అవుతుంది. షార్ట్‌వేవ్‌లో అది మాటల భాగంలో ఉండకూడదు, డేటా భాగానికి వెళ్లాలి. సంకేతాలను గీతలుగా చూపే తెర, అంటే వాటర్‌ఫాల్, మీద రెండూ కవల పిల్లల్లా కనిపిస్తాయి. చట్టం దృష్టిలో మాత్రం ఇంటిపేర్లే వేరు.

ఇక వెడల్పు. దీన్ని ఊహించి రాయకండి, లెక్క కట్టండి. స్వరాలు మార్చి పంపే మోడ్‌లకు ఒక పాత సూత్రం ఉంది: సెకనుకు ఎన్ని మార్పులో ఆ సంఖ్యకు, అన్నిటికంటే పై స్వరానికీ కింది స్వరానికీ మధ్య దూరాన్ని 1.2తో గుణించి కలపాలి. పాత రేడియో టెలిటైప్ తీసుకోండి. సెకనుకు 45.45 మార్పులు, స్వరాల మధ్య 170 హెర్ట్జ్. 170ని 1.2తో గుణిస్తే 204, దానికి 45 కలిపితే 249. టెలిటైప్ గుర్తును 249హెచ్‌ఎఫ్1బి అని రాసేది అందుకే. నా నత్తకు స్వరాల మధ్య 20 హెర్ట్జ్ చొప్పున మొత్తం 60 హెర్ట్జ్. 60ని 1.2తో గుణిస్తే 72, దానికి 10 కలిపితే 82. కాబట్టి నత్త అసలు పేరు 82హెచ్0ఎఫ్1డి. ఆడియోను సైడ్‌బ్యాండ్ సెట్‌లోకి పంపి తయారు చేస్తున్నాను కాబట్టి కొందరు దీన్ని జె2డి అని రాస్తారు. మీ లైసెన్సులో అనుమతించిన గుర్తుల పట్టికలో రెండూ ఉంటే చింత లేదు. ఒకటే ఉంటే ఆలోచించవలసిందే.

కాగితం మీది వెడల్పు, గాలిలోని వెడల్పు

82 అని లెక్క తేలగానే పని అయిపోయిందనుకున్నాను. యాంటెన్నాకు బదులు డమ్మీ లోడ్ పెట్టి, పక్కన ఇంకో రిసీవర్‌తో చూస్తే కథ వేరే ఉంది. నా స్వరాలు 500 హెర్ట్జ్ దగ్గర ఉన్నాయి. వాటర్‌ఫాల్ మీద అక్కడ చక్కటి సన్నటి దారి. 1000 దగ్గర ఇంకో దారి, కాస్త పలచగా. 1500 దగ్గర మూడోది. రెండో దారిలో స్వరాల మధ్య దూరం 20 కాదు, 40. మూడో దారిలో 60. అది చూశాక అర్థమైంది, ఇవి హార్మోనిక్స్, అంటే అసలు స్వరానికి రెట్టింపు, మూడు రెట్ల దగ్గర పుట్టే నకళ్లు. సౌండ్ కార్డు నుంచి ఆడియో మరీ ఎక్కువగా ఇచ్చాను, సెట్ లోపల అలల తలలు తెగిపోతున్నాయి. నేను 82 హెర్ట్జ్ అనుకుంటున్నది కిలోహెర్ట్జ్‌కు పైగా పాకింది. నత్త కాళ్ల జెర్రి అయింది.

మందు రెండు విధాలు. మొదటిది ఆడియో తగ్గించడం. సెట్‌లోని ఆడియో ఎక్కువైతే కదిలే ఏఎల్‌సీ సూది కదలనంత వరకు తగ్గించండి. రెండోది, స్వరాలను 1500, 2000 హెర్ట్జ్ మధ్యకు జరపడం. అప్పుడు రెట్టింపు అయ్యేవి 3000 దాటిపోతాయి, సెట్ ఫిల్టరే వాటిని ఆపేస్తుంది. ఎఫ్‌టి8 వాడేవారికి డబ్ల్యుఎస్‌జేటీ-ఎక్స్ ప్రోగ్రామ్‌లో స్ప్లిట్ అనే అమరిక తెలిసే ఉంటుంది. అది సరిగ్గా ఈ పనే చేస్తుంది. చాలామంది దాన్ని ఎందుకు పెట్టారో తెలియకుండానే పెట్టుకుంటారు.

ప్రసారం మొదలైన క్షణం, ఆగిన క్షణం కూడా చూడండి. స్వరాన్ని ఠక్కున వేసి ఠక్కున తీస్తే రెండు పక్కలా చిట్లుతుంది. కొన్ని మిల్లీసెకన్లలో మెల్లగా పెంచి మెల్లగా దించితే సరిపోతుంది. ఒక స్వరం నుంచి మరో స్వరానికి దూకడం కూడా నున్నగా ఉండాలి. ఎఫ్‌టి8కే 2019లో ఆ నునుపు చేర్చారు. కొలిచేటప్పుడు ఏ కొలతో తెలుసుకుని కొలవండి. అమెరికా నిబంధనల్లో వెడల్పు అంటే, దాని అవతల శక్తి సగటు కంటే కనీసం 26 డెసిబెల్స్ తగ్గిపోయే హద్దు. అంతర్జాతీయ పద్ధతిలో ఆక్రమిత వెడల్పు అంటే శక్తిలో 99 శాతం ఉన్న భాగం. రెండూ ఒకే సంఖ్య ఇవ్వవు.

ఎక్కడ పెట్టాలి

డయల్ మీద కనిపించేది మీ ఫ్రీక్వెన్సీ కాదని మరచిపోకండి. అప్పర్ సైడ్‌బ్యాండ్‌లో డయల్ 14.348 మెగాహెర్ట్జ్ దగ్గర ఉండి, ఆడియో 2300 హెర్ట్జ్ అయితే మీ సంకేతం 14.3503 దగ్గర ఉంది. బ్యాండ్ 14.350తో ముగిసింది. మీరు కంచె అవతల ఉన్నారు.

బ్యాండ్ లోపల రెండు రకాల గీతలు ఉంటాయి. ఒకటి చట్టం గీసింది, రెండోది అంతర్జాతీయ అమెచ్యూర్ సంఘం, అంటే ఐఏఆర్‌యూ, గీసుకున్న బ్యాండ్ ప్లాన్. కొన్ని దేశాల చట్టం బ్యాండ్‌ను మాటలకూ డేటాకూ విడగొడుతుంది. మరికొన్ని చోట్ల చట్టం బ్యాండ్ హద్దులు మాత్రం చెప్పి ఊరుకుంటుంది, లోపలి పంపకం అంతా బ్యాండ్ ప్లాన్‌దే. యూరప్, ఆఫ్రికాలు ఉన్న ఒకటో ప్రాంతంలో ఆ పంపకం మోడ్ పేర్లతో కాకుండా వెడల్పుతో ఉంటుంది: ఇక్కడ 200 హెర్ట్జ్ వరకు, అక్కడ 500, ఇంకోచోట 2700. కొత్త మోడ్ తెచ్చేవారికి ఇంతకంటే హాయి లేదు. 82 హెర్ట్జ్ నత్త 200 గదిలో దర్జాగా కూర్చుంటుంది.

చట్టం కొత్త మోడ్‌ల దారికి అడ్డం పడిన ఉదాహరణ కావాలంటే 300 బాడ్ పరిమితి చూడండి. అమెరికాలో షార్ట్‌వేవ్ డేటాకు 1980 నుంచి ఈ నియమం ఉండేది: సెకనుకు 300 కంటే ఎక్కువ మార్పులు ఉండకూడదు. ఉద్దేశం సంకేతం సన్నగా ఉండాలని. కొలిచింది మాత్రం వెడల్పును కాదు, వేగాన్ని. ఫలితంగా అర్ధ కిలోహెర్ట్జ్‌లో ఇమిడే వేగమైన మోడ్ నిషిద్ధం, మెల్లగా నడిచే బోలెడు క్యారియర్లను పక్కపక్కన పేర్చి రెండు కిలోహెర్ట్జ్‌లకు పైగా ఆక్రమించేది నిక్షేపంగా సమ్మతం! 2023 నవంబరులో ఆ నియమాన్ని తీసేసి 2.8 కిలోహెర్ట్జ్ వెడల్పు పరిమితి పెట్టారు. 2024 జనవరి 8 నుంచి అది అమలులోకి వచ్చింది. పాత పుస్తకాల్లో, పాత వ్యాసాల్లో 300 ఇంకా అలాగే ఉంటుంది. కాబట్టి మీరు చదువుతున్న ప్రతి ఎప్పటిదో చూసుకోండి. నా దగ్గర ఉన్న ప్రతి ఆరేళ్ల పాతదని నాకు రెండో నెలలో తెలిసింది.

దాచడం వేరు, కుదించడం వేరు

అంతర్జాతీయ రేడియో నిబంధనల 25వ అధికరణం చెప్పేది ఇది: వేర్వేరు దేశాల అమెచ్యూర్ స్టేషన్ల మధ్య ప్రసారాలను అర్థం మరుగుపరిచే ఉద్దేశంతో సంకేతీకరించకూడదు. ఉపగ్రహాలకు నేల నుంచి పంపే నియంత్రణ ఆదేశాలకు మాత్రం మినహాయింపు ఉంది. ఇందులో కీలకమైన మాట "ఉద్దేశం". ఎఫ్‌టి8 ఒక సందేశాన్ని 77 బిట్లలోకి నొక్కి, దానికి దోష సవరణ చేర్చి పంపుతుంది. చెవితో వింటే ఒక్క ముక్క తెలియదు. అయినా అది దాచడం కాదు, ఎందుకంటే ఆ నొక్కే పద్ధతి బయట ప్రచురించి ఉంది. కావాలనుకున్న వారెవరైనా విప్పుకోవచ్చు. అమెరికా నిబంధన కూడా ఇదే దారిలో ఉంది: సాంకేతిక లక్షణాలు బహిరంగంగా ప్రచురించిన పద్ధతి అయితే డేటాకు వాడుకోవచ్చని చెబుతూ క్లోవర్, జీ-టార్, ప్యాక్టర్ పేర్లను ఉదాహరణగా ఇచ్చింది. మోడ్ పేర్లు కనిపించే అరుదైన చోట్లలో ఇదొకటి.

కాబట్టి మీ మోడ్‌కు పత్రం రాయండి. నాది రెండు పేజీలు: స్వరాలు, వేగం, అక్షరాల పట్టిక, దోష సవరణ, సందేశం మొదలును గుర్తుపట్టే వరుస. ఇది చదివి ఒక అపరిచితుడు సొంతంగా డీకోడర్ రాయగలడా అన్నదే పరీక్ష. ప్రోగ్రామ్ ఉచితంగా ఇస్తున్నాను కదా, పత్రం ఎందుకని మిత్రుడొకరు అడిగారు. ప్రోగ్రామ్ ఇవ్వడం అంటే వంట వడ్డించడం. ఇక్కడ అడుగుతున్నది వండే విధానం.

డిజిటల్ మాటలో ఈ చర్చ ఇంకా వేడిగా ఉంటుంది. డీ-స్టార్, డీఎంఆర్ లాంటివి ఏంబీ అనే యాజమాన్య వోకోడర్, అంటే మాటను బిట్లుగా కుదించే సాధనం, వాడతాయి. దాన్ని విప్పే చిప్ ఎవరైనా కొనుక్కోవచ్చు కాబట్టి అది దాచడం కిందికి రాదన్నది ఎక్కువమంది అంగీకరించిన మాట. నాకు మాత్రం అందరికీ తెరిచి ఉంచిన కోడెక్2 వోకోడర్, దాని మీద కట్టిన ఎం17 వైపే మొగ్గు. అక్కడ ఆ వాదనే అవసరం లేదు. ఇక డీఎంఆర్ సెట్లలో ప్రైవసీ అనే మీట ఉంటుంది. అది వ్యాపార సంస్థల కోసం పెట్టింది. అమెచ్యూర్ బ్యాండ్‌లో దాని జోలికి వెళ్లకండి.

నా తప్పు ఒకటి చెప్పాలి. పొట్టి సందేశాలను ఒకదాని నుంచి ఒకటి అందుకుని పంపే లోరా మెష్ పరికరాన్ని 433 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో, అమెచ్యూర్ లైసెన్సు ఇచ్చే శక్తితో నడిపాను. పరికరం పేరు దగ్గర కాల్ సైన్, అంటే లైసెన్సుతో ఇచ్చిన గుర్తింపు పేరు, టైపు చేసి, ఇక హ్యామ్ స్టేషన్ అయిపోయిందనుకున్నాను. మూడు రోజుల తర్వాత ఒక మిత్రుడు ఫోన్ చేసి, "నీ ప్యాకెట్లు చదవలేకపోతున్నాను, తాళం వేశావా?" అన్నారు. అమరికల్లో "లైసెన్సు ఉన్న వాడుకరి" అనే మీట విడిగా ఉంది. అది వేస్తేనే ఎన్‌క్రిప్షన్ ఆగుతుంది. పేరు రాయడంతో ఆగదు. మొదట్లో పెట్టి ఇచ్చే తాళంచెవి లోకమంతటికీ తెలిసినదే కదా, దాచినట్టు ఎలా అవుతుందని వాదించవచ్చు. నేను వాదించలేదు, మీట వేశాను. లైసెన్సు అక్కర్లేని తక్కువ శక్తితో అదే పరికరాన్ని నడిపితే తాళం ఉన్నా తప్పు లేదు. కానీ అప్పుడు మీరు హ్యామ్‌గా ప్రసారం చేయడం లేదు. ఏ టోపీ పెట్టుకున్నారో ముందే తేల్చుకోండి.

రాసే మాటలు జాగ్రత్త

2010లో రాస్ అనే షార్ట్‌వేవ్ మోడ్ వచ్చింది. దాని సృష్టికర్త వివరణ పత్రంలో అది స్ప్రెడ్ స్పెక్ట్రమ్, అంటే సంకేతాన్ని అవసరానికి మించి వెడల్పుగా పరిచే పద్ధతి, అని, ఫ్రీక్వెన్సీ మారుస్తూ దూకుతుందని రాశారు. అమెరికాలో స్ప్రెడ్ స్పెక్ట్రమ్‌ను 222 మెగాహెర్ట్జ్, ఆపైనున్న బ్యాండ్లలోనే అనుమతిస్తారు. అంతే, షార్ట్‌వేవ్‌లో దాన్ని వాడవచ్చా లేదా అని పెద్ద రభస. తర్వాత పత్రంలో ఆ మాట మార్చారు, రభస మాత్రం తగ్గలేదు. తయారు చేసినవారే అలా అన్నాక కాదనడానికి ఇతరులెవరు? సంకేతం రెండున్నర కిలోహెర్ట్జ్ లోపలే ఉండేది. ఎన్నో స్వరాల మధ్య మారే మామూలు మోడ్ అని రాసి ఉంటే ఇంత గొడవ జరిగేదా అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఘనంగా వినిపించే సాంకేతిక పదాలు మీ పత్రంలో పెట్టే ముందు, ఆ పదానికి నిబంధనల్లో నిర్వచనం ఉందేమో వెతకండి. లోరా కూడా స్ప్రెడ్ స్పెక్ట్రమే. అక్కడ అది నిజం కాబట్టి దాచనక్కర్లేదు, తగిన బ్యాండ్‌లో పెడితే చాలు.

ఎవరు పంపుతున్నారు, మీట దగ్గర ఎవరున్నారు

కాల్ సైన్ పంపాలి. ఎంత తరచుగా అన్నది దేశాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో సంభాషణ చివర, మధ్యలో కనీసం పది నిమిషాలకొకసారి. కొత్త మోడ్‌లోనే పంపితే మీ ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. అందుకని నత్త ప్రతి ప్రసారం చివర మోర్స్‌లో కాల్ సైన్ వేస్తుంది. నాలుగైదు సెకన్లు ఎక్కువ పడుతుంది, పట్టనీయండి. ఎఫ్‌టి8 లాంటి వాటిలో పొడవైన, మామూలు రూపంలో లేని కాల్ సైన్‌లను ఒక్కోసారి పూర్తిగా పంపరు, దాని నుంచి లెక్కగట్టిన పొట్టి గుర్తు, అంటే హ్యాష్, పంపుతారు. ముందు మిమ్మల్ని వినని వారికి అక్కడ చుక్కలే కనిపిస్తాయి. ఎక్కడో ఒక సందేశంలో పూర్తి పేరు వెళ్తోందో లేదో చూసుకోండి.

కంప్యూటర్‌ను వదిలేసి నిద్రపోవడం వేరే సంగతి. మనిషి దగ్గర లేకుండా నడిచే స్టేషన్‌కు చాలా దేశాల్లో విడి నియమాలు ఉన్నాయి. అమెరికాలో, ఇతరులు విని చూసుకోవడానికి పలుకుతూ ఉండే బీకన్, తనంతట తాను నడిచేదైతే, 28.2 మెగాహెర్ట్జ్ కింద ఉండకూడదు. రెండేసి నిమిషాల వంతుల్లో పలికే డబ్ల్యుఎస్‌పీఆర్ అనే బీకన్ లాంటి మోడ్‌ను రాత్రంతా వదిలేసేవారు ఈ వాక్యం ఒకసారి చదువుకోవాలి. వినడానికి వదిలేయండి, పలకడానికి వద్దు.

ఉత్తరం

ఇంత చూశాక కూడా సందేహం మిగిలితే లైసెన్సు ఇచ్చిన కార్యాలయానికి రాయండి. నా మొదటి ఉత్తరంలో "నత్త మోడ్‌కు అనుమతి ఉందా?" అని అడిగాను. ఆరు వారాలకు వచ్చిన జవాబు సారాంశం, లైసెన్సు షరతులు చూసుకోండి అని. కోపం వచ్చింది. ఆలోచిస్తే, నత్త అంటే ఏమిటో వారికేం తెలుసు? రెండో ఉత్తరం ఇలా ఉంది: "నా లైసెన్సు పట్టికలో ఎఫ్1బి ఉంది, ఎఫ్1డి లేదు. గుర్తు 82హెచ్0ఎఫ్1డి, గరిష్ఠ శక్తి 20 వాట్లు, ఫ్రీక్వెన్సీ ఇది, వివరణ పత్రం జతపరిచాను. దీన్ని ఎఫ్1బి కిందికి లెక్కించవచ్చా, లేక పట్టికలో చేర్చమని దరఖాస్తు చేసుకోవాలా?" పదకొండు రోజుల్లో జవాబు వచ్చింది. దరఖాస్తు చేసుకోమన్నారు, చేసుకున్నాను, చేర్చారు. మీ ఉత్తరంలో కూడా అవును, కాదు అని ఒక్క గీతలో జవాబివ్వగల ప్రశ్నే ఉండాలి. ఫోన్లో ఎవరో "పర్వాలేదు లెండి" అన్నది లెక్కలోకి రాదు, కాగితం కావాలి.

ఆ కాగితం నకలు లాగ్ పుస్తకం అట్ట లోపల అంటించాను. లాగ్‌లో మోడ్ గడిలో "నత్త" అని రాసి, పక్కన గుర్తు, పత్రం ఏ ప్రతి అన్నది కూడా రాస్తాను, ఎందుకంటే గత నెలలో స్వరాల మధ్య దూరాన్ని 25కు పెంచాను. ఇప్పుడది 82 కాదు, 100 హెర్ట్జ్. మూడో ఉత్తరం రాయాలి.